రుజువు చేయాల్సింది ఎవరు?

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో లండన్ అనే ఊరుంది. అక్కడ డేవిడ్ ఓక్స్ అనే వ్యక్తి దగ్గర పోలీసులకు ఒక్కోటి ఒక్కో గ్రాము పట్టే ఎనిమిది చిన్న సీసాల హషీష్ నూనె, 619 డాలర్ల 45 సెంట్ల నగదు దొరికాయి. అప్పటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం సరుకు దగ్గరున్నట్టు తేలితే చాలు, అమ్మడానికే ఉంచుకున్నాడని కోర్టు భావించేది. కాదని నిరూపించుకునే బాధ్యత నిందితుడిదే. 1986 ఫిబ్రవరిలో కెనడా సుప్రీంకోర్టు ఈ నిబంధనను కొట్టేసింది. అదే తీర్పులో ప్రధాన న్యాయమూర్తి బ్రయన్ డిక్సన్ ఒక కొలబద్ద తయారుచేసి పెట్టారు. 1982 నాటి హక్కుల చార్టర్ ఇచ్చిన స్వేచ్ఛకు ప్రభుత్వం అడ్డు పెడితే, ఆ అడ్డు ఎందుకు కావాలో, అంతకన్నా తక్కువ అడ్డుతో పని ఎందుకు జరగదో ప్రభుత్వమే రుజువు చేయాలి. ఎనిమిది సీసాల కేసులో పుట్టిన ఈ కొలబద్దే తర్వాతి కాలంలో చావు గురించిన ప్రశ్నను తేల్చింది. నయం కాని జబ్బుతో నలిగిపోతున్న మనిషి వైద్యుడి సాయంతో కన్నుమూయవచ్చా అనే విషయం మీద కెనడాలో నీతి సిద్ధాంతాలన్నీ ఢీకొన్నాయి. వాటిలో ఏది నెగ్గిందని వెతికితే ఆ చరిత్ర అంతుపట్టదు. రుజువు భారం ఎప్పుడు ఎవరి భుజాన ఉందో చూస్తూ పోతే దారి కనిపిస్తుంది.

తెలుగులో ఈ విషయానికి రెండు మాటలున్నాయి. 'కారుణ్య మరణం' అన్నప్పుడు చూసేవాళ్ల దయ గుర్తొస్తుంది. 'స్వచ్ఛంద మరణం' అన్నప్పుడు పోయేవాళ్ల ఇష్టం గుర్తొస్తుంది. అంపశయ్య మీద ఉత్తరాయణం కోసం ఎదురుచూసిన భీష్ముడు గుర్తొస్తాడు. పత్రికల్లో ఒకదాని బదులు ఇంకొకటి వాడేస్తుంటాం గానీ ఈ రెండు మాటల వెనక రెండు వేర్వేరు నీతులున్నాయి. బాధను తగ్గించేదే మంచి పని అనేవాళ్లది మొదటి మాట. ఇతరులకు హాని చేయనంత వరకు మనిషి తన శరీరానికి, మనసుకు తానే యజమాని అని 1859లో జాన్ స్టూవర్ట్ మిల్ వాదించాడు. ఆ దారిలో నడిచేవాళ్లది రెండో మాట. ఈ రెండింటినీ ఒప్పుకోని మూడో పక్షం కూడా ఉంది. మనిషి తనను తాను ఒక సాధనంలా వాడి పారేయకూడదు, బాధ తప్పించుకోవడానికి ప్రాణం తీసుకోవడం అలా వాడుకోవడమేనని 1785లో కాంట్ రాశాడు. ప్రాణం పవిత్రమనే క్రైస్తవ బోధ ఈ పక్షానికి అంతకుముందే పునాది వేసి ఉంచింది.

కెనడా చట్టం చాలాకాలం ఈ మూడో పక్షాన నిలబడింది. 1892లో వచ్చిన మొదటి క్రిమినల్ కోడ్‌లో ఆత్మహత్యాయత్నమూ నేరమే, దానికి సాయపడటమూ నేరమే. 1972లో మొదటిదాన్ని నేరాల జాబితాలోంచి తీసేశారు, రెండోదాన్ని ఉంచారు. చికిత్స వద్దనే హక్కు మాత్రం రోగులకు నెమ్మదిగా స్థిరపడుతూ వచ్చింది. 1992 జనవరిలో క్యుబెక్ కోర్టు 25 ఏళ్ల స్త్రీ కేసు ఒకదాన్ని తేల్చింది. కోర్టు పత్రాల్లో ఆమె పేరు నాన్సీ బి. మెడ కింద చచ్చుబడిన శరీరంతో, ఊపిరి యంత్రం మీద బతుకుతూ, ఆ యంత్రం తీసేయమని అడిగింది. కోర్టు సరేనంది. చేసి చంపడం వేరు, చేయడం మానేసి పోనివ్వడం వేరు అనే పాత విభజన మీద ఆ తీర్పు నిలబడింది. ఈ విభజనను 1975లోనే అమెరికన్ తత్త్వవేత్త జేమ్స్ రేచల్స్ ప్రశ్నించాడు. ఉద్దేశమూ ఫలితమూ ఒకటే అయినప్పుడు చెయ్యి కదిపామా లేదా అన్నది నీతిలో తేడా ఎందుకు తెస్తుందని అతని ప్రశ్న. యంత్రం మీద ఉన్న రోగికి దక్కిన విముక్తి, యంత్రం అక్కర్లేకుండా అంతకన్నా ఎక్కువ నరకం పడుతున్న రోగికి ఎందుకు దక్కదు? క్యుబెక్ తీర్పు ఈ ప్రశ్న జోలికి పోలేదు. కానీ ఆ ఏడాది తిరక్కుండానే అది దేశం మొత్తాన్నీ చుట్టుముట్టింది.

బ్రిటిష్ కొలంబియాకు చెందిన సూ రోడ్రిగెజ్‌కు ఏఎల్ఎస్ వచ్చింది. కండరాలు ఒక్కటొక్కటిగా చచ్చుబడి, చివరికి మింగడం, మాట్లాడటం, ఊపిరి తీయడం ఆగిపోయే జబ్బు అది. బుద్ధి మాత్రం చాలామందిలో చివరిదాకా స్పష్టంగానే ఉంటుంది. ఈ శరీరం ఎవరిది, ఈ బతుకు ఎవరి సొత్తు అని 1992లో ఆమె పార్లమెంటు సభ్యులను అడిగింది. 1993 సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా చీలి ఆమె విన్నపాన్ని తోసిపుచ్చింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ సొపింకా వాదంలో రెండు పోగులున్నాయి. ప్రాణాన్ని గౌరవించడం సమాజపు మూలసూత్రం అన్నది మొదటిది. నిషేధాన్ని కొంచెం సడలించినా నిస్సహాయులకు ముప్పు రాదని నమ్మకంగా చెప్పలేం అన్నది రెండోది. ఈ రెండో పోగులోనే కీలకమంతా ఉంది. ముప్పు ఉందని ప్రభుత్వం గట్టిగా రుజువు చేసిందా అని మెజారిటీ నిలదీయలేదు. ముప్పు లేదని తేలనందువల్ల రోడ్రిగెజ్ ఓడింది. పేరుకు భారం ప్రభుత్వానిదే అయినా మోసింది ఆమె. అసమ్మతి తెలిపిన జస్టిస్ మెక్‌లాక్లిన్ పట్టుకున్నది సరిగ్గా దీన్నే: ఎక్కడో ఎవరి విషయంలోనో జరగవచ్చనే తప్పుకు ఈమెను బలిచేస్తున్నారని ఆమె రాశారు. ఇతరుల రక్షణ కోసం ఒక మనిషిని పనిముట్టులా వాడకూడదన్నది కాంట్ సూత్రమే. నిషేధానికి కాపలా కాసిన సూత్రం నిషేధం మీదికే తిరిగింది. 1994 ఫిబ్రవరిలో, పేరు చెప్పుకోని ఒక వైద్యుడి సాయంతో రోడ్రిగెజ్ కన్నుమూసింది.

దయ ఒక్కటే సరిపోతుందా అనే ప్రశ్నకూ ఆ రోజుల్లోనే పరీక్ష ఎదురైంది. 1993 అక్టోబరులో సస్కాచివాన్ రైతు రాబర్ట్ లాటిమర్, తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీతో బాధపడుతున్న తన 12 ఏళ్ల కూతురి ప్రాణం తీశాడు. బాధ నుంచి విముక్తి కలిగించానన్నాడు. దేశంలో చాలామంది అతని మీద జాలిపడ్డారు. వికలాంగుల సంఘాలు మాత్రం, ఇంకొకరి బతుకు బతకదగ్గది కాదని తేల్చే అధికారం తండ్రికైనా లేదని కోర్టుకెక్కి వాదించాయి. 2001 జనవరిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా అతని యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. పదేళ్లయినా గడవందే పెరోల్ లేదంది. రోడ్రిగెజ్ అడిగింది స్వచ్ఛంద మరణం. లాటిమర్ సమర్థించుకున్నది కారుణ్య మరణం. అడగని మనిషికి ఇంకొకరి కారుణ్యం ఆధారంగా మరణం కుదరదని తేలాక, మిగిలిన వాదమంతా ఇష్టం చుట్టూనే సాగింది.

ఈలోగా బయటి ప్రపంచం మారింది. అమెరికాలోని ఆరెగాన్‌లో 1997లో, నెదర్లాండ్స్, బెల్జియంలలో 2002లో, వాషింగ్టన్ రాష్ట్రంలో 2009లో ఇలాంటి మరణాన్ని అనుమతించే చట్టాలు అమల్లోకి వచ్చాయి. 1993లో ఊహగా ఉన్నదాన్ని ఇప్పుడు లెక్కగట్టి చూడవచ్చు. కే కార్టర్ అనే వృద్ధురాలు 2010లో, సాయంతో మరణించే వీలున్న స్విట్జర్లాండ్ వెళ్లి అక్కడ కన్నుమూసింది. ఆమె కుటుంబం, ఏఎల్ఎస్ రోగి గ్లోరియా టేలర్ తదితరులు కలిసి కోర్టుకెక్కారు. బ్రిటిష్ కొలంబియా సుప్రీంకోర్టులో జస్టిస్ లిన్ స్మిత్ 2012 జూన్‌లో ఇచ్చిన తీర్పు దాదాపు 400 పేజీలు. వైద్యులతో పాటు టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన వేన్ సమ్నర్ వంటి నీతిశాస్త్రజ్ఞుల సాక్ష్యం కూడా అందులో పరిశీలనకు వచ్చింది. అనుమతి ఉన్న చోట్ల వృద్ధులకు, వికలాంగులకు ముప్పు పెరిగిందనే ఆధారం లేదని, జాగ్రత్తలతో ముప్పును చాలావరకు అదుపు చేయవచ్చని ఆమె తేల్చారు. 2015 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒక్కమాటగా పూర్తి నిషేధాన్ని కొట్టేశారు. 1993లో అసమ్మతి రాసిన మెక్‌లాక్లిన్ అప్పటికి ప్రధాన న్యాయమూర్తి. ప్రాణం పట్ల గౌరవాన్ని ఆ తీర్పు పక్కన పడేయలేదు. చెయ్యి ఆడుతున్నప్పుడే, ఇంకా బతకాలని ఉన్నప్పుడే కొందరు తొందరపడి ప్రాణం తీసుకునేలా నిషేధం తోస్తోందని, ఆ లెక్కన అది జీవించే హక్కునే దెబ్బతీస్తోందని చెప్పింది. రెండు తీర్పుల మధ్య నీతి సూత్రాలు మారలేదు. ముప్పు లేదని చూపమని రోగిని అడిగే పద్ధతి పోయి, ముప్పు ఉందని చూపమని ప్రభుత్వాన్ని అడిగే పద్ధతి వచ్చింది.

ఇది నీతిని అంకెలకు తాకట్టు పెట్టడమే కదా అని ఒక బలమైన ఆక్షేపణ ఉంది. కెనడా తత్త్వచింతనలోనే దానికి లోతైన వేళ్లున్నాయి. తత్త్వవేత్త జార్జ్ గ్రాంట్ తన భార్య షీలాతో కలిసి 1980లలోనే కారుణ్య మరణం అనే భాషను తప్పుపట్టాడు. బతుకు నాణ్యత అనే మాట మనుషులను తూకం వేసే రాయిగా మారుతుందని అతని భయం. మాంట్రియల్‌కు చెందిన చార్ల్స్ టేలర్ 1991లో ప్రసిద్ధమైన మాసీ ఉపన్యాసాలిస్తూ, ఎంచుకున్నామన్న ఒక్క కారణంతో ఏ ఎంపికకూ విలువ రాదన్నాడు. మన ఇష్టాన్ని మించిన విలువలు ముందే ఉంటేనే ఎంపికకు అర్థం ఉంటుందని అతని వాదం. ఈ మాటల్లో సత్యం ఉంది. అయితే ఏకాభిప్రాయం లేని సమాజంలో ఒక పక్షం విలువను అందరి మీదా శిక్షాస్మృతితో రుద్దాలంటే కారణం చూపాల్సిందే. పైగా హక్కుల భాష ఒక్కటే దారి కాదని క్యుబెక్ చూపింది. 2014 జూన్‌లో అక్కడి శాసనసభ చేసిన చట్టం ఈ విషయాన్ని బతుకు చివరి రోజుల సంరక్షణలో భాగంగా, రోగి ఉపశమన వైద్యం పక్కన ఉంచింది. ఒంటరి మనిషి ఇష్టం మీద నిలబడిన వాదానికి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకునే బంధాన్ని చేర్చిన నీతి అది.

రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది. 2016 జూన్‌లో పార్లమెంటు చేసిన చట్టం, సహజ మరణం కనుచూపు మేరలో ఉన్నవాళ్లకే అవకాశం ఇచ్చింది. ఆ షరతు చెల్లదని 2019లో క్యుబెక్ కోర్టు చెప్పడంతో, 2021 మార్చిలో చావు దగ్గరపడని వాళ్లకూ తలుపు తెరిచారు. మానసిక వ్యాధి ఒక్కటే కారణమైన వాళ్ల విషయాన్ని 2027 మార్చికి వాయిదా వేశారు. 2023లో వైద్య సహాయంతో మరణించినవాళ్లు 15,343 మంది. అంటే దేశంలోని మరణాల్లో 4.7 శాతం. వీరిలో చావు దగ్గర్లో లేనివాళ్లు 622 మంది. సంఖ్య చిన్నదే కదా అని కొట్టిపారేయలేం. ఇల్లు దొరక్క, సాయం చేసే మనిషి లేక బతుకు భారమైన వికలాంగుడు చావును కోరుకుంటే అది స్వేచ్ఛ ఎలా అవుతుందని వికలాంగుల సంఘాలు అడుగుతున్నాయి. 2025 మార్చిలో ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల కమిటీ, చావు దగ్గరపడని వాళ్లకు తెరిచిన ఈ రెండో తలుపును మూసేయమని సిఫార్సు చేసింది. మిల్ చెప్పిన స్వేచ్ఛకు ఇది ఎదురుదెబ్బ అనుకోనక్కర్లేదు. ఎంచుకోవడానికి రెండు దారులూ నిజంగా ఉండాలన్నది ఆ స్వేచ్ఛలోనే ఉన్న షరతు.

2021 సవరణలో ఒక చోటును దగ్గరగా చూడాలి. చావు దగ్గర్లో లేని మనిషి అడిగితే, పరిశీలన మొదలయ్యాక కనీసం 90 రోజులు ఆగాలి. బాధ తగ్గించే మార్గాలు, అంటే కౌన్సెలింగ్, వికలాంగుల సహాయ సేవలు, ఉపశమన వైద్యం వంటివి ఏమున్నాయో అతనికి తెలియజెప్పాలి. ఆ సేవలు అందించేవాళ్లతో మాట్లాడే అవకాశం ఇవ్వాలి. అవి అతనికి నిజంగా అందాయని చూపాలనే షరతు మాత్రం లేదు. వరుసలో నెలల తరబడి నిలబడాల్సిన సేవ గురించి చెప్పినా చట్టం తృప్తిపడుతుంది. ఓక్స్ కొలబద్ద ఇక్కడ సగంలోనే ఆగిపోయింది. అడ్డు పెట్టే ప్రభుత్వాన్ని రుజువు అడిగిన కోర్టు, అడ్డు తీసేశాక ప్రభుత్వం ఏం చేయాలో అడగలేదు.

ఆ మిగిలిన సగం మన చట్టంలో కనిపిస్తుంది. 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన అప్పటి భారత శిక్షాస్మృతి 309 సెక్షన్‌ను సమర్థించింది. 2004 డిసెంబరులో కండరాల క్షీణతతో హైదరాబాదు ఆసుపత్రిలో ఉన్న ఒక యువకుడు, అవయవాలు దానానికి పనికొచ్చేలా తనను ముందే పోనివ్వమని కోరితే అదే హైకోర్టు ఒప్పుకోలేదు. 2018లో మన సుప్రీంకోర్టు, కోలుకునే ఆశ లేని రోగికి చికిత్స ఆపే హక్కును గుర్తించి, నాన్సీ బి. దగ్గర ఆగింది. కానీ 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ వేరే దారి పట్టింది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలంది, కాదని రుజువైతే తప్ప. ఆ మనిషికి సంరక్షణ, చికిత్స, పునరావాసం అందించడం ప్రభుత్వ విధి అని కూడా అంది. ఆచరణలో ఎంత అందుతోందన్నది వేరే పోరాటం; బాధ్యత ఎవరిదో మాత్రం కాగితం మీద స్పష్టంగా ఉంది. కెనడా నేర్పిన పాఠానికి ఈ వాక్యాన్ని జతచేయాలి. మనిషి ఇష్టాన్ని ఆపాలనుకున్న ప్రభుత్వం కారణం రుజువు చేయాలి. ఆ ఇష్టాన్ని మన్నించాలనుకున్న ప్రభుత్వం కూడా, అతను బతకడానికి కావలసినవి అతని ఇంటి గుమ్మం దాకా చేర్చానని రుజువు చేయాలి.