ఒళ్లోంచి దించిన బిడ్డ

తొలిముద్దకి మనకో వేడుక ఉంది, అన్నప్రాశన అని. చివరిసారి తాగిన చనుబాలకి ఏ వేడుకా లేదు. చనుమొనకి వేపాకు ముద్దో ముసాంబరమో రాసుకోవడం, లేదంటే బిడ్డని నాలుగు రోజులు అమ్మమ్మ దగ్గరికి పంపేయడం. బిడ్డ అక్కడ ఏడుస్తుంటే, పాలు గడ్డకట్టిన రొమ్ములతో తల్లి ఇక్కడ ఏడుస్తుంది. రెండేళ్లో మూడేళ్లో తాగిన బిడ్డకి ఉన్నట్టుండి ఎందుకు మాన్పించారంటే, చాలా ఇళ్లలో వినిపించే జవాబు ఒకటే: తల్లికి మళ్లీ నెల తప్పింది. కడుపుతో ఉన్న తల్లి పాలు బిడ్డకి పడవని నమ్మకం. గర్భం మామూలుగా సాగుతుంటే పాలివ్వడం మానక్కర్లేదని ఈనాటి వైద్యం చెబుతున్నా ఆ నమ్మకం పోలేదు.

పాలు మాన్పించిన ఆ పెద్దబిడ్డ ఏమవుతాడన్నది వైద్యచరిత్రలోకి ఒక ఆఫ్రికన్ మాట ద్వారా వచ్చింది. అప్పటి బ్రిటిష్ వలస గోల్డ్ కోస్ట్‌లో, అంటే నేటి ఘానాలో, ఏడాది నుంచి నాలుగేళ్ల పిల్లలు కాళ్లూ చేతులూ వాచి, చర్మం పొరలుగా ఊడి చనిపోవడం సిసిలీ విలియమ్స్ అనే డాక్టరు గమనించింది. 1933లో దాని గురించి రాసింది. ఇది కొత్త జబ్బేమీ కాదు, పెలాగ్రానే అని హ్యూ స్టానస్ అనే నిపుణుడు కొట్టిపారేశాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. 1935లో లాన్సెట్ పత్రికలో, అక్కడి గా భాషలోని మాటనే జబ్బుకి పేరుగా నిలబెట్టింది: క్వాషియోర్కర్. తర్వాతి బిడ్డ పుట్టాక, ఒళ్లోంచి దించేసిన బిడ్డకి వచ్చే జబ్బు అని దానర్థం.

ఆ మాటలో రెండు సంగతులున్నాయి. పాలు పోయాక ఆ స్థానంలో వచ్చిన మొక్కజొన్న జావ బిడ్డకి చాలలేదన్నది ఒకటి. తల్లి మళ్లీ గర్భవతి అయిందన్నది రెండోది. వైద్యశాస్త్రం మొదటిదాన్ని పట్టుకుని దశాబ్దాల పాటు మాంసకృత్తుల గురించి చర్చించింది. అదొక్కటే కారణం కాదని చెప్పిన పరిశోధనల్లో మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవీ ఉన్నాయి. రెండో సంగతి మాత్రం పేరులోనే ఉండిపోయింది. జబ్బు పేరు పలికిన వాళ్లెవరూ ఆ గర్భం ఎవరి నిర్ణయమని పెద్దగా అడగలేదు.

మాన్పించే వయసు గురించి చెప్పేవాళ్లకి ఎప్పుడూ కొదవలేదు. ఖురాన్ రెండేళ్లు నిండుగా ఇమ్మంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నాటి విధానపత్రంలో రెండేళ్లు, ఆపైన కూడా ఇవ్వమంది. డబ్బా పాల ప్రచారాన్ని అడ్డుకోవడానికి మన దేశంలో 1992లో చట్టం వచ్చింది. ఇవన్నీ కావలసినవే. కానీ రెండేళ్లు పాలివ్వమని తల్లికి చెప్పేవాళ్లు, ఆ రెండేళ్లూ ఆమె శరీరాన్ని ఆమెకి వదలమని ఇంట్లో ఎవరికి చెప్పారు?

అలిసిపోయో, ఉద్యోగం కోసమో, ఇక చాలనిపించో మాన్పించే తల్లిని నేను తప్పుపట్టను. అది ఆమె నిర్ణయం. నన్ను వేధించేది ఆ వేపాకు ముద్ద. భర్తకి "వద్దు" అని చెప్పలేకపోయిన ఆడది, ఆ మాటని చేదుగా నూరి బిడ్డకి చెప్పవలసి రావడం.