కొక్కెర రోగం ఏ దారిన వచ్చింది?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో ఎండలు ముదిరే వేళ ఏటా ఒక మాట వినబడుతుంది: కోళ్లకు రోగం తగిలిందట. నిన్న పెంటకుప్ప కెలికిన పెట్ట ఇవాళ లేవదు. వారం తిరిగేసరికి వాడకట్టులో గంపలన్నీ బోర్లా పడి ఉంటాయి. మేత మారలేదు, నీళ్లు మారలేదు. పక్క ఊళ్లో కోళ్లు నిక్షేపంగా తిరుగుతున్నాయి. మరి ఈ ఊళ్లోకి రోగాన్ని తెచ్చిందెవరు?

మొదటి ఆనవాలు పొద్దున గంప ఎత్తినప్పుడే దొరుకుతుంది. నూకలు చల్లగానే అన్నీ ఉరికొస్తాయి. ఒక పెట్ట మాత్రం ఈకలు ఉబ్బించుకుని, రెక్కలు జారేసి, కళ్లు సగం మూసి మూలన కునుకుతుంది. కోడి జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. నీరసంగా కనబడితే తోటి కోళ్లే పొడుస్తాయి మరి. అలాంటిది పట్టపగలు అందరి ముందూ కునుకుతోందంటే లోపల జబ్బు ముదిరినట్టే. దాన్ని చేతిలోకి తీసుకుని చూడాలి. ఎర్రగా ఉండే జుట్టు నల్లబారిందా? మెడ చాచి, నోరు తెరిచి, గురగురమని గాలి పీలుస్తోందా? తోక కింద ఈకలకు పచ్చటి నీళ్ల రెట్ట అంటుకుందా? గుడ్లు పెట్టేదైతే పెంకు లేని తోలుగుడ్డు పెట్టిందా?

రెట్టలో నెత్తురు పడితే, అదీ పిల్లల్లోనైతే, రక్తపారుడును అనుమానించాలి. జుట్టు మీద, కళ్ల చుట్టూ పొక్కులు లేస్తే మశూచి. ఒక్క పెట్టే నిటారుగా నిలబడి ముక్కుతుంటే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు. ఇవేవీ కాకుండా, మొదటి కోడి పడిన రెండు మూడు రోజుల్లో పొరుగింటి కోళ్లూ వరసగా పడుతుంటే అనుమానం ఒకచోటే ఆగుతుంది. చావు తప్పించుకున్న ఒకటీ అరా కోళ్లలో కొన్నాళ్లకు మెడ మెలికపడుతుంది. తల ఆకాశం వైపు తిరిగిపోతుంది, గింజను పొడవబోతే ముక్కు పక్కన పడుతుంది. రోగం నరాలదాకా పాకిందనడానికి ఇది గుర్తు. ఊళ్లో కొక్కెర రోగం అంటారు, పశువుల దవాఖానలో రాణిఖేత్ అని రాస్తారు.

ఈ రాణిఖేత్ మనకు దగ్గరిది కాదు, ఉత్తరాఖండ్‌లోని కుమావు కొండల్లో ఉన్న ఊరు. అసలు చిక్కుముడి జబ్బుకు ఆ పేరు రాకముందే పడింది. 1926లో జావా దీవిలో కోళ్లు కుప్పకూలాయి. అదే ఏడాది ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గరా అంతే. అప్పటికి తెలిసిన కోళ్ల ప్లేగే మళ్లీ వచ్చిందని అనుకోవడం సహజం. డోయల్ అనే శాస్త్రవేత్త అక్కడితో ఆగలేదు. ఒక జబ్బును తట్టుకుని బతికిన కోడికి రెండో జబ్బు ఎక్కించి చూస్తే రక్షణ లేదని తేలింది. ఒకే జబ్బైతే అది మళ్లీ పడకూడదు. అంటే ఇవి రెండు వేర్వేరు జబ్బులు. 1927లో ఆయన ఆ సంగతి ప్రకటించాడు. మరుసటి ఏడాది ముక్తేశ్వర్ పశువైద్య సంస్థకు చెందిన ఎడ్వర్డ్స్ మన దేశంలోని జబ్బును రాణిఖేత్ పేరుతో నమోదు చేశాడు.

కోళ్ల ప్లేగు ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వల్ల వస్తుందని 1955లో రుజువైంది. నేటి బర్డ్ ఫ్లూ అదే కుటుంబం. ఆనాటి తికమక ఈనాటికీ పోలేదు, ఎందుకంటే రెండింటి లక్షణాలూ దాదాపు ఒకటే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు చనిపోయినప్పుడు బర్డ్ ఫ్లూ అని ఖాయం చేసింది భోపాల్ ప్రయోగశాల. కంటిచూపుతో తేలే పని కాదది. అందుకే కునికే కోడిని ఇంట్లో కోసి చూడొద్దని నా గట్టి మాట.

ఇక ఊళ్లోకి దారి. రాణిఖేత్ వైరస్ ఒంట్లో చేరాక లక్షణాలు బయటపడడానికి రెండు నుంచి పదిహేను రోజులు, ఎక్కువగా అయిదారు రోజులు పడుతుంది. ఈ లెక్కే ముడి విప్పుతుంది. రోగం మొదలైన ఇంటివాళ్లను అడగండి, అయిదారు రోజుల కింద ఏం జరిగిందని. చాలాసార్లు జవాబు అంగడిలో దొరుకుతుంది. కొన్న రోజు నిగనిగలాడిన పుంజు అప్పటికే వైరస్‌ను మోస్తూ ఉంటుంది. మేడారం జాతర ముందు, బోనాల ముందు ఊరూరా కోళ్లు చేతులు మారతాయి కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ.

మరో సగం జవాబు చెప్పడానికి నొప్పిగా ఉంటుంది. మొదటి కోడి కునకగానే మిగతావాటిని దక్కినకాడికి అమ్మేస్తారు, లేదా కోసుకుని ఈకలు, పేగులు పెంటకుప్ప మీద పారేస్తారు. దాన్ని పొరుగు కోళ్లు కెలుకుతాయి. అమ్మిన కోడి మరో ఊరి అంగడికి చేరుతుంది. పిల్లల ఫీజుకో, మందుబిళ్లలకో ఆడవాళ్లు దాచుకున్న చేతిసొమ్ము ఈ కోళ్లే, కళ్లముందు పోతుంటే ఊరికే చూడమని ఎవరం చెప్పగలం? కానీ వైరస్‌ను ఊరు దాటించేది ఈ అమ్మకమే.

వైరస్ జబ్బు కాబట్టి పడ్డాక దీనికి మందు లేదు. ముందుగా వేసే టీకా ఉంది. ముక్తేశ్వర్‌లోనే 1940లలో తయారైన టీకా ఇప్పటికీ ఆర్‌-టూ-బీ పేరుతో వాడుకలో ఉంది. వేల కోళ్ల ఫారాల్లో టీకా తప్పదు, పెరటి కోళ్లకే అందదు. సీసాలో సాధారణంగా వంద డోసులుంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా చల్లగా ఉంచాలి. పది కోళ్లున్న ఇంటికి అది ఎలా కుదురుతుంది?

కుదరాలంటే వాడకట్టు కలవాలి. ఎండలు ముదరకముందే పదిళ్లవాళ్లు కోళ్లను లెక్కపెట్టుకుని పశువుల దవాఖానకు చెప్పండి. పిల్లలకు మొదటి వారంలో కంట్లో చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద సూది. టీకా పొద్దున్నే, కోళ్లను గంపల కింద నుంచి వదలకముందే వేయించండి. అంగడి నుంచి తెచ్చిన కోడిని రెండు మూడు వారాలు వేరే గంప కింద ఉంచండి. కునికేదాన్ని అమ్మకండి, కోయకండి, వేరు చేసి నీళ్లు పెట్టి డాక్టరుకు కబురు చేయండి. చచ్చినదాన్ని లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చండి.