'కోచ్' శబ్దము: అర్థపరిణామము, తెలుగున దాని స్థితి

హైదరాబాదు పాతనగరమునకు దక్షిణమున, శ్రీశైలము పోవు మార్గమునకు చేరువలో జల్‌పల్లి కలదు. అచటినుండి చాంద్రాయణగుట్టవైపు వచ్చునపుడు బార్కస్ అను పేట తగులును. నిజాము సైన్యమునందలి అరబ్బులకు నివాసమైన ఆ పేటకు, సైనికుల వసతులను తెలుపు 'బ్యారక్స్' అను ఆంగ్లపదమే జనుల నోట మారి పేరైనది. ఈ పేటవారికి ఫుట్‌బాల్ ఆటయందు మక్కువ మెండు. మైదానమున ఆట నేర్పువానిని 'కోచ్' అందురు. రైలులో తమ పెట్టెను గూడ 'కోచ్' అనియే చెప్పుదురు. బండికిని గురువునకును ఒకే పేరేల కలిగినది? తెలుగు నిఘంటువున ఇది ఒక పదమా, రెండు పదములా? ఈ రెండు ప్రశ్నలును విచారింపదగినవి.

ఈ శబ్దమునకు మూలము హంగరీ దేశమున 'కోచ్' అను చిన్న గ్రామము. అది బుడా, వియన్నా నగరముల నడిమి మార్గమున నున్నది. 15వ శతాబ్దిలో అచట తయారైన బండ్లకు పేరు వచ్చినది. హంగరీ భాషలో ఊరిపేరునకు ఇకారము చేర్చినచో 'ఆ ఊరిది' అను అర్థము వచ్చును. కావున 'కోచి' యనగా కోచ్ గ్రామపు బండి యని భావము. 'బండి' యను మాట లోపించి విశేషణమే నామమై నిలిచినది. మనము 'పోచంపల్లి కట్టినది', 'గద్వాల కొన్నది' అనునపుడు చీర యను మాట వదలుట ఇట్టిదే. ఈ పదము జర్మను, ఫ్రెంచి భాషలలోనికి ప్రాకి, 16వ శతాబ్దిలో ఆంగ్లమును చేరినది.

గురువను అర్థము చాల తరువాతిది. 1830 ప్రాంతమున ఆక్స్‌ఫర్డు విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించు ఉపాధ్యాయుని పరిహాసముగా 'కోచ్' అనిరి. బండి ప్రయాణికుని గమ్యము చేర్చినట్లు ఇతడు శిష్యుని పరీక్ష దాటించునని వారి ఊహ. 1860 తరువాత ఈ వ్యవహారము క్రీడలకు వ్యాపించినది.

మన దేశమునకు ఈ పదము ఒక్కమారు రాలేదు. గుఱ్ఱపుబండి కాలమున 'కోచ్‌మాన్' ఉర్దూలో 'కోచ్‌వాన్' అయినది. బాగ్‌వాన్, గాడీవాన్ వంటి మాటలందలి పారసీక ప్రత్యయము దానికి అచ్చు పోసినది. 1874లో వాడీ, సికిందరాబాదుల నడుమ రైలు నడచినది. రైళ్లతో పెట్టెకు 'కోచ్' అను పేరును ప్రచారము నొందినది. నిజమునకు చక్రముల చట్రమును తెలుపు 'బోగీ' యను మాటను మనవారు పెట్టెకే వాడుట మఱియొక అర్థవ్యాప్తి. ఆటగురువను అర్థము వేఱు దారిన వచ్చినది. 1951, 1962 ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టునకు స్వర్ణపతకములు సాధించి పెట్టిన హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచే ఉపాధ్యాయుడు. జనులు ఆయనను 'రహీం సాబ్' అనిరి. మాట పరదేశీయమైనను, గౌరవము మాత్రము బడిపంతులునకు చెల్లునదే.

ఇచట మన 'సారథి' శబ్దము స్మరణీయము. 'సరథ' శబ్దభవమైన ఇది రథము నడుపువానిని తెలుపును. నేడు పత్రికలలో జట్టు నాయకునకు పేరైనది. రెండింటను వాహనమే ఆధారము. కాని భేదము కలదు. ఆంగ్లమున బండియే గురువు, శిష్యుడు అందు కూర్చున్న ప్రయాణికుడు. మన భావనలో సారథి త్రోవ చూపును. యుద్ధము చేయవలసినది రథికుడే. విద్యను గూర్చిన రెండు దృష్టులు ఈ రెండు మాటలలో నిక్షిప్తమై యున్నవి. నేటి 'కోచింగ్' కేంద్రములకు మొదటి దృష్టియే తగిన పేరిచ్చినది.

'శిక్షకుడు' అను మాట ఏల పూర్తిగా నిలద్రొక్కుకొనలేదు? సంస్కృతమున 'శిక్ష' విద్య. తెలుగు వాడుకలో అది ప్రధానముగా దండనము. 'శిక్షణ' యందు విద్యార్థము నిలిచినను, 'శిక్షకుడు' వ్రాతకే ఎక్కువగా పరిమితమైనది.

ఇక నిఘంటువు సంగతి. ఆంగ్లమున 'కోచ్' నానార్థములు గల ఒకే పదము. దాని రెండర్థములను కలుపు వంతెన విద్యార్థుల పరిహాసము. తెలుగు ఆ రెండు ఒడ్డులను గ్రహించినది గాని వంతెనను గ్రహింపలేదు. రైలుపెట్టెకును ఆటగురువునకును సంబంధము వక్తకు స్ఫురింపదు. కావున తెలుగున వీనిని రెండు ఆరోపములుగా చూపి, వ్యుత్పత్తిలో మాత్రము ఒకే మూలమును నిర్దేశించుట యుక్తము. అన్యదేశ్యములను నిర్ణయించునపుడు మూలభాషలోని అర్థక్రమమును కాక, మన భాషలో అవి ప్రవేశించిన క్రమమునే ప్రమాణముగా గొనవలెను.