అమ్మ కుట్టు మిషనూ, మా కారు బెల్టూ

పోయిన నెల మా కారు సర్వీసింగ్‌కి ఇస్తే, సాయంత్రం నేను చపాతీలు ఒత్తుకుంటుండగా ఫోన్‌కి ఎస్టిమేట్ వచ్చింది. 34,600 రూపాయలు! పిండి చేత్తోనే మళ్ళీ చూశాను, సున్నా ఏమైనా ఎక్కువ పడిందేమో అని. లేదు. మామూలు ఆయిల్ మార్పు కాదట, ఈసారి "పెద్ద సర్వీసు" అట. అందులో పెద్ద ఖర్చు టైమింగ్ బెల్టు, దానితోపాటు మార్చే సామాన్లది.

మావారు చూసి తేలిగ్గా తీసిపారేశారు. "లక్ష కిలోమీటర్లకి మార్చాలి దాన్ని. మనది డెబ్భై ఒక్క వేలే తిరిగింది. ఇంకో మూడేళ్ళు దాని జోలికి వెళ్ళక్కర్లేదు" అన్నారు. ఆ మాటా నిజమే. కానీ కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చూస్తే, అదే వరుసలో ఇంకో ముక్క ఉంది. "లక్ష కిలోమీటర్లు లేదా ఎనిమిదేళ్ళు, ఏది ముందైతే అది." మా కారుకి మొన్న దసరాకే ఎనిమిదేళ్ళు నిండాయి.

అదే నెలలో అమ్మాయి హాస్టల్ ఫీజు కట్టాలి. డిసెంబర్‌లో మా మరిది కూతురి పెళ్ళి వైజాగ్‌లో. హైదరాబాద్ నుంచి అత్తయ్యను కూడా తీసుకుని కారులోనే వెళ్ళాలి. డబ్బు ఇప్పుడు పెట్టాలా, పెళ్ళయ్యాక చూసుకోవాలా? మీ ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది.

నాకు ఒక అలవాటుంది. ఏ బిల్లయినా పెద్దదిగా వస్తే, అసలు ఈ ఖర్చు లోకంలో ఎప్పుడు పుట్టిందా అని వెతుకుతాను. ఓ వారం రోజులు మధ్యాహ్నాలు కూర్చుని చదివాను. చదువుతూ పోతే చివరికి మా అమ్మ కుట్టు మిషన్ దగ్గరికి వచ్చి ఆగాను. అదెలాగో చెబుతాను.

కారు రిపేర్ల చరిత్రలో మొదట గుర్తు చేసుకోవలసింది ఒక ఇల్లాలినే. జర్మనీలో కార్ల్ బెంజ్ తన మోటారు బండికి పేటెంటు అడిగింది 1886 జనవరిలో. ఆయన భార్య బెర్తా బెంజ్. పెళ్ళికి ముందే, తనకు రావలసిన కట్నం డబ్బు ముందుగా తీసుకుని ఆయన వ్యాపారంలో పెట్టిందావిడ. 1888 ఆగస్టులో ఒకనాడు భర్తకు చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి తన పుట్టినిల్లు ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. దాదాపు 100 కిలోమీటర్లు. అంతదూరం అంతకుముందు కారులో వెళ్ళినవాళ్ళు లేరు.

దారిలో ఇంధనం వచ్చే గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకున్న పిన్నుతో పొడిచి అడ్డు తీసింది. వైరు ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. ఇంధనం నిండుకుంటే వీస్లోక్ అనే ఊళ్ళో మందుల షాపులో లిగ్రోయిన్ అనే ద్రావకం కొని పోసింది. అప్పట్లో బట్టల మీద మరకలు పోగొట్టడానికి వాడేవారట దాన్ని. చెక్క బ్రేకులు అరిగిపోతుంటే, ఒక చెప్పులు కుట్టేవాణ్ణి పట్టుకుని వాటికి తోలు కొట్టించింది. ఎత్తులెక్కడానికి ఈ బండికి ఇంకో గేరు కావాలని తిరిగొచ్చి చెబితే, భర్త అమర్చాడు.

ఇందులో నాకు పనికొచ్చిన సంగతి ఒకటుంది. ఆవిడ దారిలో చేసిన ప్రతి పనినీ బండే అడిగి చేయించుకుంది. ఆగిపోయి అడిగింది, జారిపోయి అడిగింది. అడిగినప్పుడు చేస్తే సరిపోయింది.

మన దేశంలోనూ చాలాకాలం కార్లు అలాగే అడిగేవి. మా పెద్ద మామయ్య ఖమ్మంలో అంబాసిడర్ టాక్సీ నడిపేవాడు. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద 1950ల చివర్లో కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో మొదలైన కారు అది. 2014 మే నెల దాకా తయారైంది. మామయ్య పొద్దున్నే బండి స్టార్ట్ చేసి, కాఫీ గ్లాసు పట్టుకుని బానెట్ పక్కన నిలబడి వినేవాడు. "చైను వదులైందిరా, గలగలమంటోంది" అనేవాడు. "ప్లగ్గులు చూడాలి" అనేవాడు. గ్రీజు కొట్టించడం, కార్బొరేటర్ కడిగించడం, పాయింట్లు సరిచేయించడం, ఇలా నెలలో ఏదో ఒకటి. వందా, రెండొందలూ పోతూనే ఉండేవి. అత్తయ్య విసుక్కునేది కూడా, "ఈ బండి నాకు సవతి" అని. కానీ ఒక్కసారిగా గుండె గుభేలుమనే బిల్లు ఎప్పుడో గానీ వచ్చేది కాదు. ఖర్చు పాలబిల్లులాగా చిన్న చిన్నగా వచ్చేది, అదీ చెప్పి వచ్చేది.

మామయ్య విన్న ఆ గలగల టైమింగ్ చైనుది. ఇంజన్‌లో కింద పిస్టన్లు పైకీ కిందికీ ఆడుతుంటాయి. పైన వాల్వులు తెరుచుకుని మూసుకుంటుంటాయి. ఈ రెండింటికీ తాళం తప్పకూడదు. ఆ తాళం వేసేదే చైను. ఇనుపది, నూనెలో తడుస్తూ తిరుగుతుంది, వదులైతే చప్పుడు చేస్తుంది.

మరి చైను పోయి బెల్టు ఎలా వచ్చింది? ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది. పళ్ళున్న ఈ రబ్బరు బెల్టు పుట్టింది కారు కోసం కాదు, కుట్టు మిషన్ కోసం! 1940లలో అమెరికాలో, మిషన్ సూదీ, కింద బాబినూ ఒకదానికొకటి తప్పకుండా కదలడం కోసం తయారుచేశారు దీన్ని. మామూలు బెల్టయితే జారుతుంది. పళ్ళుంటే జారదు. ఇంకో ఇరవై ఏళ్ళకి అది కారులోకి వచ్చింది. జర్మనీలో గ్లాస్ అనే చిన్న కంపెనీ ఉండేది, మొదట్లో వ్యవసాయ యంత్రాలు చేసుకునేవాళ్ళు. 1962లో వాళ్ళ గ్లాస్ 1004 కారు ఇంజన్‌లో ఈ బెల్టు వేసి పెద్దయెత్తున అమ్మారు. తేలిక, చవక, చప్పుడు లేదు, నూనె అక్కర్లేదు. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి.

మన మధ్యతరగతి ఇళ్ళకు ఈ బెల్టును తెచ్చింది మారుతి 800. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి కారు తాళాలు అందించిన ఫొటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ కారు ఇంజన్‌లో చైను లేదు, బెల్టే. అంబాసిడర్‌తో పోలిస్తే ఎంత నిశ్శబ్దంగా ఉందోనని అందరూ మురిసిపోయారు. చప్పుడుతోపాటు హెచ్చరిక కూడా కొంత తగ్గిందని అప్పుడు ఎవరికి తట్టి ఉంటుంది?

రబ్బరు బెల్టు పోయేముందు తరచుగా ఏ సంకేతమూ ఇవ్వదు. నిన్న బాగుంటుంది, ఇవాళ తెగుతుంది. పైగా కారు తిరక్కపోయినా రబ్బరు ముసలిదవుతుంది. మన ఎండలకి, ఇంజన్ వేడికి గట్టిపడుతుంది. అందుకే పుస్తకంలో కిలోమీటర్లతోపాటు ఏళ్ళు కూడా రాస్తారు. గ్యాస్ పొయ్యి ట్యూబు ఐదేళ్ళకి మార్చమంటారు చూడండి, మనం ఎన్ని వంటలు చేశామని ఎవరూ అడగరు. ఇదీ అంతే.

ఇంతవరకూ చరిత్ర. ఇక మా ఇంటి కథ.

2001లో నాన్న ఒక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నారు. ఏ కంపెనీదో ఎందుకులెండి. నాన్న బడిపంతులు. ఆ కారంటే ఆయనకు ప్రాణం. కొన్నాక మెకానిక్ చెప్పాడు, బెల్టు పాతదైంది, నాలుగు వేలవుతుంది, మార్పించుకోండి మాస్టారూ అని. ఆ నెల అక్క కాలేజీ ఫీజు. తర్వాతి నెల చిన్నాన్న ఇంట్లో శుభకార్యం. "బండి బ్రహ్మాండంగా నడుస్తోందిగా" అనుకున్నారు.

అమ్మ ఒకసారి అడిగింది. నాకు బాగా గుర్తు, మిషన్ మీద జాకెట్టు కుడుతూ తలెత్తకుండానే అడిగింది. "ఆ బెల్టు సంగతి ఏం చేశారండీ?" నాన్న పేపర్లోంచి, "కార్ల గురించి నీకేం తెలుసే" అన్నారు. కోపంగా కూడా కాదు, నవ్వుతూనే. అమ్మ మళ్ళీ అడగలేదు.

సూర్యాపేట దాటాక రాత్రి తొమ్మిదింటికి తెగింది. ఏ చప్పుడూ లేదు. బండి అలా చల్లబడి రోడ్డు పక్కకి వచ్చి ఆగింది. లారీలు దూసుకుపోతుంటే నేనూ అక్కా అమ్మ కొంగు పట్టుకుని చింతచెట్టు కింద నిలబడ్డాం. మర్నాడు ఇంజన్ విప్పితే వాల్వులు వంగిపోయి ఉన్నాయి. మొత్తం 19 వేలు. అమ్మ చేతికున్న రెండు గాజులు తాకట్టుకి వెళ్ళాయి. మళ్ళీ విడిపించలేకపోయాం. నాన్న ఆ తర్వాత చాలా ఏళ్ళు, పండగలకి అమ్మ చేతులకేసి చూసి చూపు తిప్పుకునేవారు.

మొన్న ఇదంతా చదివాక అమ్మకి ఫోన్ చేసి, ఆ బెల్టు మొదట కుట్టు మిషన్‌కి చేసిందేనట అని చెప్పాను. అమ్మ అట్టే ఆశ్చర్యపోలేదు. "టైమింగ్ తప్పితే సూది వెళ్ళి కింద ఇనుముకి కొట్టుకుంటుంది, విరుగుతుంది. ఆ రోజు మెకానిక్ వాల్వులు చూపిస్తే నాకు అదే అనిపించింది" అంది. నిజంగా అంతే. తాళం తప్పాక పిస్టన్ పైకి వచ్చి, తెరుచుకుని ఉన్న వాల్వుని కొడుతుంది. కార్ల గురించి ఏమీ తెలియదన్న మనిషికి, ఆ ఇంట్లో అందరికంటే ఆ సంగతి బాగా అర్థమయింది.

(అన్ని కార్లకీ ఇలా కాదండోయ్. కొన్ని ఇంజన్లలో చైనే ఉంటుంది. కొన్నిట్లో బెల్టు తెగినా కారు ఆగిపోతుందంతే, వాల్వులు వంగవు. మీ కారు ఏ రకమో కనుక్కోండి. పుస్తకం సాధారణంగా డ్యాష్‌బోర్డు అరలోనే, టోల్ రసీదుల కింద ఉంటుంది.)

ఆ రాత్రి మావారి ముందు పుస్తకం, ఎస్టిమేటు రెండూ పెట్టాను. వాదించలేదు. ఎస్టిమేటులో ఒక్కో వరుసా చదివి, ఇది పుస్తకంలో ఉందా లేదా అని అడుగుతూ పెన్సిల్‌తో టిక్కు పెట్టాను. బెల్టు, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్, వాటర్ పంపు, కూలెంట్ ఉంచాం. వాటర్ పంపు ఎందుకంటే, మా కారులో దాన్ని తిప్పేదీ ఈ బెల్టే. తర్వాత అదొక్కటే పాడైనా ఇంత పనీ మళ్ళీ విప్పాలి, కూలి మళ్ళీ ఇవ్వాలి. ఇంజన్ డీకార్బనైజింగ్, ఏసీ శుద్ధి, బాడీ కోటింగ్, ఇవేవీ పుస్తకంలో లేవు. కొట్టేశాం. 26,900కి దిగింది.

"పెళ్ళయ్యాక చేయిద్దాం" అన్నారు మావారు చివరి ప్రయత్నంగా.

"పెళ్ళికి వెళ్ళేటప్పుడు వెనక సీట్లో అత్తయ్య ఉంటారు" అన్నాను. ఆయన పుస్తకం మూసి, "సరే, శనివారం ఇద్దాం" అన్నారు.

సోఫా కోసం దాచిన చీటీ డబ్బులోంచి తీశాం. సోఫా ఇంకో ఏడాది ఆగుతుంది, అది ఎక్కడా తెగిపోదు. ఆ తర్వాత లెక్క వేశాను. 26,900ని ఎనిమిదేళ్ళకి, అంటే 96 నెలలకి పంచితే నెలకి 280 రూపాయలు! మామయ్య అంబాసిడర్ ఎప్పటికప్పుడు అడిగి పుచ్చుకున్న డబ్బే ఇది. మన కారు అడగదు కాబట్టి, ఎనిమిదేళ్ళ బాకీ ఒకేసారి వచ్చి మీద పడింది. ఈ నెల నుంచి పోపుల డబ్బా పక్కన ఒక హార్లిక్స్ సీసా పెట్టాను. అందులో నెలకి మూడొందలు వేస్తున్నాను. సీసా మీద "బండి" అని రాసి అంటించాను.

పాత బెల్టు నాకివ్వమని అడిగి తెచ్చుకున్నాను. మావారు అటూ ఇటూ వంచి చూసి, "బాగానే ఉందిగా!" అన్నారు. నిజమే, చూడ్డానికి బాగానే ఉంది. ఇంకో ఏడాది వచ్చేదేమో, వైజాగ్ దారిలో తెగేదేమో, ఇక ఎప్పటికీ తెలియదు. 26,900 పెట్టి నేను కొన్నది ఆ తెలియకపోవడాన్నే అనుకుంటే నవ్వొచ్చింది.

మొన్న ఆదివారం ఖమ్మం వెళ్ళినప్పుడు ఆ బెల్టు అమ్మకి చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, పళ్ళ మీద వేలితో తడుముతూ చుట్టూ ఒకసారి తిప్పింది.

"ముందే మార్పించావా?" అంది.

"మార్పించానమ్మా."

"మీ ఆయన ఏమన్నాడు?"

"శనివారం ఇద్దాం అన్నారు."

అమ్మ ఇంకేం అనలేదు. బెల్టు మడిచి తన మిషన్ సొరుగులో, బాబిన్ల పక్కన పెట్టుకుంది.