చెలిమె, ఊరబావి, బోరింగు: మన తాతలు ఏ నీళ్లు తాగారు?

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. ఒక గుంట ఉంది. మోకాలి లోతు కూడా ఉండదు. సూర్యాపేట నుంచి కోదాడ పోయే హైవే దిగి, లోపల వాగు ఒడ్డున ఉన్న ఒక ఊర్లో చూశాను దాన్ని. పేరు చెలిమె.

ఎండాకాలం వాగు ఎండిపోయినా ఇసుక కింద నీళ్లు కదులుతూనే ఉంటాయి. చేతులతో ఇసుక తోడితే మూరెడు లోతులో తడి తగులుతుంది. మొదట వచ్చే బురద నీళ్లు తోడి పారబోయాలి. కాసేపు ఆగితే అడుగు నుంచి తేటగా ఊరుతుంది. దాన్ని చిప్పతో మెల్లగా ఎత్తి, బట్ట కట్టిన బిందెలో పోయాలి. ఇసుకే ఫిల్టర్. కరెంటు లేదు, బిల్లు లేదు.

నాకు చూపించిన అవ్వకు ఎనభై దాటాయి. "తెల్లారకముందే వచ్చేటోళ్లం బిడ్డా. ఎండెక్కితే కాళ్లు కాలుతయ్. ఒక్క బిందె నిండనీకి పావుగంట" అంది. నేను తాగాను. చల్లగా, కొంచెం తీపి అనిపించేలా ఉన్నాయి. "గీ నీళ్లతోటి పప్పు మంచిగ ఉడుకుతది" అని కూడా చెప్పింది.

ఈ పప్పు మాట తేలిగ్గా తీసుకోకండి. మన ఆడవాళ్ల దగ్గర అప్పట్లో ఉన్న ల్యాబ్ అదే. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో కందిపప్పు త్వరగా మెత్తబడదు. ఏ బావి నీళ్లతో పప్పు ఉడుకుతుందో అది మంచినీళ్ల బావి, ఉడకనిది ఉప్పునీళ్ల బావి. నాలుకతో, కుండతో నీళ్లను పరీక్షించి ఊరంతా ఒక మ్యాప్ గుర్తుపెట్టుకునేవారు.

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది. రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్లు, 1195, 1208 నాటి కాకతీయుల కాలం శాసనాలు ఉన్నాయక్కడ. చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి. అంటే కొడుకును కన్నంత పుణ్యం. చెరువు తవ్వించినవాళ్ల పేర్లు రాయి మీదికెక్కాయి. రోజూ చెలిమె తోడిన చేతుల గురించి ఏ రాయీ చెప్పదు.

సరే, ఇక్కడిదాకా వినడానికి బాగుంది. ఇన్‌స్టాలో ఇలాంటి రీల్స్ బోలెడు: పాత బావి, రాగి చెంబు, వెనక ఫ్లూట్. నాకు వాటితోనే పేచీ.

అవ్వను అడిగాను, ఊరబావి ఉండగా వాగుకెందుకు వచ్చేవాళ్లని. "ఆ బావిల మమ్ముల్ని చేదనియ్యకపోదురు" అంది. ఎవరైనా దయతలిచి పైనుంచి పోస్తే పట్టుకోవాలి. లేకపోతే వాగే దిక్కు. వాగులో కూడా పై వైపు వాళ్లది, కింది వైపు వీళ్లది. ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 1927 మార్చి 20న అంబేద్కర్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగింది ఈ హక్కు కోసమే. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు, 15వ అధికరణంలో బావులు, చెరువులు అనే మాటలు పేరు పెట్టి మరీ రాయాల్సి వచ్చింది. రాజ్యాంగంలో బావి ఎందుకుందో ఇప్పుడు అర్థమైంది కదా?

రెండోది నారి కురుపు. మెట్లు దిగి నీళ్లలో కాలు పెట్టే దిగుడు బావులే దీనికి ఇల్లు. నీళ్లతో పాటు కంటికి సరిగా ఆనని జీవి కడుపులోకి పోతుంది, ఏడాదికి కాలి నుంచి మూరకు మించిన పొడవున్న పురుగు బయటికొస్తుంది. దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగాలి. ఆ కాలు మళ్లీ బావిలో పెడితే ఇంకొకరికి. దీనికి టీకా లేదు. నీళ్లు వడగట్టడం, దిగుడు బావులను మార్చడం, చేతిపంపులు వేయడం, వీటితోనే మన దేశం బయటపడింది. చివరి కేసు 1996లో, డబ్ల్యూహెచ్‌వో సర్టిఫికెట్ 2000లో.

అలా మన ఊళ్లకు బోరింగు వచ్చింది. ఎవరైనా కొట్టుకోవచ్చు, పురుగు రాదు. కానీ నల్లగొండ నేల కింద గ్రానైట్ ఉంది. ఆ రాళ్ల మధ్య ఎక్కువకాలం నిలిచిన నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. పళ్లు పసుపుపచ్చగా మారతాయి, వెన్ను బిగుసుకుంటుంది, కాళ్లు వంకర పోతాయి. ఒకసారి వంగిన ఎముకను నిలబెట్టే మందు లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఒక తరమే అలా వంగిపోయింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఏంటంటే, ఫ్లోరైడ్‌కు రుచి లేదు, వాసన లేదు. పప్పు పరీక్ష దాన్ని పట్టుకోలేదు. వందల ఏళ్లు పనికొచ్చిన జ్ఞానం ఒక్కసారిగా చేతులెత్తేసింది. తెలియదా అంటే, 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు ఈ జబ్బును గుర్తించి పత్రిక రాశారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ "నల్లగొండ టెక్నిక్" అని పేరు పెట్టింది. పేరైతే ప్రపంచమంతా తిరిగింది.

మిర్యాలగూడ, కోదాడ వైపు కొంచెం అదృష్టం. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక కృష్ణ నీళ్లు దగ్గరికొచ్చాయి. మిగతా ఊళ్లు చాలావరకు మిషన్ భగీరథ నల్లాల దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పుడు నల్లా ఉన్నా చాలా ఇళ్లలో ఫిల్టర్ క్యాన్ కొంటున్నారు. నమ్మకం పైపు వేసినంత తొందరగా రాదు మరి.

ఇంకో ముక్క చెప్పి ఆపుతాను. చెలిమెకు కావాల్సింది ఇసుక. నేను చూసిన వాగులో చెలిమెకు నాలుగడుగుల దూరంలోనే ట్రాక్టర్ టైర్ల గుర్తులున్నాయి. వాటికి అవతల ఇసుక లేదు, నల్ల బండ తేలింది.