జెఫర్సన్ (టెక్సాస్)

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి ఈశాన్య మూలన, బిగ్ సైప్రస్ బయూ అనే ఏటి ఒడ్డున ఉన్న చిన్న పట్టణం జెఫర్సన్. మారియన్ కౌంటీకి ఇదే కేంద్రం. 2020 జనగణనలో ఇక్కడి జనాభా 1,875, 1870లో 4,180. సముద్రానికి ఎంతో దూరాన ఉన్నా, ఆ రోజుల్లో టెక్సాస్ రేవుల్లో గాల్వెస్టన్ తర్వాతి స్థానం దీనిదే.

ఈ ఊరి భాగ్యమంతా ఒక అడ్డుకట్ట పెట్టిన భిక్ష. రెడ్ నదిలో కొట్టుకొచ్చిన మానులు శతాబ్దాల తరబడి పేరుకుపోయి, మైళ్ల పొడవున నదిని మూసేశాయి. దాన్నే గ్రేట్ రాఫ్ట్ అన్నారు. దారి లేని నీరు పక్కకు మళ్లి కాడో సరస్సునూ బయూనూ నింపేది. ఆ లోతు ఉండబట్టే న్యూ ఆర్లియన్స్ స్టీమర్లు జెఫర్సన్ దాకా రాగలిగాయి. 1840ల తొలి ఏళ్లలో ఏలన్ అర్కార్ట్, డేనియల్ ఏలీ ఇచ్చిన నేలలో ఊరు వెలిసింది. 1860లో మారియన్ కౌంటీ ఏర్పడింది. రేవు నుంచి ప్రధానంగా పత్తి వెళ్లేది. అంతర్యుద్ధం ముగిసేదాకా ఆ పత్తి బానిసల చెమటతో పండినదే. రేవు వైభవాన్ని చెప్పేటప్పుడు ఈ మాట విడిచిపెట్టకూడదు.

1866లో అగ్నిప్రమాదం వ్యాపార వీధులను కాల్చేసింది. 1869 ఫిబ్రవరిలో జెఫర్సన్‌కు వస్తున్న మిట్టీ స్టీఫెన్స్ స్టీమరు కాడో సరస్సులో తగలబడి, సుమారు 60 మంది చనిపోయారు. దానిలోని గడ్డిమోపులకు నిప్పంటుకుంది. నీళ్లలోకి దూకినవారిలో కొందరిని పడవ చక్రమే బలిగొంది.

ఊరిని అసలు దెబ్బతీసింది మాత్రం 1873. సైనిక ఇంజనీర్లు నైట్రోగ్లిజరిన్‌తో దుంగలను పేల్చి నదిని తెరిచారు. ఆ పని నడిపిన లెఫ్టినెంట్ యూజీన్ వుడ్రఫ్ అదే ఏడాది ష్రీవ్‌పోర్ట్‌లో పచ్చజ్వరంతో మరణించగా, సోదరుడు జార్జి పూర్తిచేశాడు. నీటిమట్టం తగ్గి స్టీమర్ల రాక కష్టమైంది. ఈలోగా రైళ్లు వచ్చాయి. పత్తికి ఇక పడవతో పనిలేకపోయింది.

రైల్వే అధిపతి జే గూల్డ్ రైలుమార్గాన్ని ఊరివాళ్లు కాదన్నందుకు, అతను 'ఇక జెఫర్సన్ అంతమే' అని ఎక్సెల్సియర్ హౌస్ హోటల్ పుస్తకంలో రాసిపోయాడని ఒక కథ వాడుకలో ఉంది. అది కట్టుకథ. ఊరు పడిపోవడం మొదలయ్యేనాటికి ఇక్కడి రైలుమార్గం అతని చేతిలో లేదు. 1850లలో కట్టిన ఆ హోటల్‌ను 1961లో స్థానిక మహిళల ఉద్యానసంఘం కొని బాగుచేయించింది. గూల్డ్ సొంత రైలుపెట్టె 'అటలాంటా'ను కూడా అదే సంఘం తెచ్చి హోటల్ ఎదుట నిలిపింది.