మదనపల్లె సీమ నుంచి నేటాల్‌కు: సముద్రం దాటిన కూలి వలస పుట్టుపూర్వోత్తరాలు

పుంగనూరు, కుప్పం, మదనపల్లె ప్రాంతాల నుంచి 19వ శతాబ్దిలో సముద్రాలు దాటి సాగిన కూలి వలసకు కరువే కారణమని చెప్పడం పరిపాటి. కరువు జనాన్ని ఇల్లు కదిలించిన మాట నిజమే గాని, వారిని ఏ దారి పట్టించాలో నిర్ణయించినవి అప్పటికే సిద్ధంగా ఉన్న ఏర్పాట్లు.

మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలోనూ, పుంగనూరు జమీందారీ, కుప్పం చేరి ఉన్న కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనూ ఉండేవి. వానచెరువులనూ మెట్టపైర్లనూ నమ్ముకున్న ఈ సీమలో సొంత సెంటు లేని జీతగాళ్లు, అంటే రైతు దగ్గర ఏడాదికి పనికి కుదిరేవారు, కూలిని ఎక్కువగా గింజల రూపంలోనే పుచ్చుకొనేవారు కనుక, వాన తప్పిన ఏడు పనీ తిండీ ఒక్కసారే పోయేవి. 1876–78 నాటి ధాత కరువులో జరిగింది ఇదే.

బ్రిటిష్ వలసరాజ్యాల్లో 1834లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల యజమానులు ఒప్పంద కూలీల కోసం, అంటే నిర్ణీత కాలం పనిచేస్తామని ముందే ఒప్పుకొనేవారి కోసం, భారతదేశం వైపు చూశారు. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు తొలి ఓడ ‘ట్రూరో’ 1860లో మద్రాసు నుంచే బయలుదేరింది. ఒప్పందం ఐదేళ్లు, మొదటి ఏడాది కూలి నెలకు 10 షిల్లింగులు. 1866లో ఆగిపోయిన ఆ రవాణా 1874లో తిరిగి మొదలైంది గనుక, రెండేళ్లకే వచ్చిన కరువు నాటికి దారి తెరిచే ఉంది. 1864 నుంచి కుప్పం మీదుగా నడుస్తున్న రైలు మార్గం ఈ సీమను రేవుకు మరింత దగ్గర చేసింది. ఓడల జాబితాల్లో ప్రతి కూలీకి ఒక సంఖ్య, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామంతో పాటు ఒంటిమీది పుట్టుమచ్చలూ నమోదయ్యేవి.

అదే శతాబ్దిలో హాలెండులోనూ 1845 నాటి బంగాళాదుంప తెగులు, చర్చిలోని చీలిక కలిసి రైతులను అమెరికాకు నడిపించగా, వాన్ రాల్టే అనే మతాచార్యుని వెంట వెళ్లినవారు 1847లో మిషిగన్‌లో హాలెండు అనే ఊరు కట్టుకున్నారు. ఆకలి రెండు చోట్లా ఉన్నా, అక్కడివారు భూమి సొంతం చేసుకోవడానికి వెళ్లారు. ఇక్కడివారు అయిదేళ్లు తమ శ్రమను ఒకరికి రాసిచ్చి వెళ్లారు.

1880ల నుంచి పొరుగునే కోలారు బంగారు గనులు పని ఇవ్వసాగాయి. నేటాల్‌కు ఒప్పంద కూలీలను పంపడం 1911లో ఆగిపోయింది. అప్పటికీ ఈ సీమలో కరువులు తగ్గలేదు. మారింది కూలికి దొరికిన దారి మాత్రమే.